సముద్రపు గుర్రాలు, ఆక్టోపస్‌లు: గాజు తొట్టెలో పెట్టి చూపించడం న్యాయమేనా?

బ్రాడీపేట_టీచర్
విజయవాడలో సొరంగం అక్వేరియం ప్రదర్శన పెట్టారని తెలిసి గుంటూరు నుంచి పిల్లలను తీసుకువెళ్లాం. సొరంగం బాగానే ఉంది. చివరి గదిలో ఉన్న ఆక్టోపస్‌ను చూశాక మాత్రం మనసు కలతపడింది. రెండడుగుల తొట్టె. దూరడానికి ఒక రాయి లేదు, కుండ పెంకు లేదు. నెత్తిన తెల్లని ట్యూబులైటు. ఆ జీవి ఒక మూలకు అతుక్కుని పాలిపోయి ఉంది. వచ్చినవారల్లా అద్దం మీద తడుతున్నారు, అది కాస్త కదిలితే ఫోన్లు ఎత్తుతున్నారు. దీనికి ఏం పెడతారని కాపలా కుర్రవాణ్ణి అడిగితే "చేపల మేతే అండి" అన్నాడు.

బయట ఒక దుకాణదారు సముద్రపు గుర్రాల జత కావాలంటే వారంలో తెప్పిస్తానన్నాడు.

తెలిసినవారు చెప్పండి. ఆ ఆక్టోపస్‌కు నిజంగా బాధ ఉంటుందా, లేక నా బాధను దానికి అంటగడుతున్నానా? సముద్రపు గుర్రాలను కొనడానికి చట్టం ఒప్పుకుంటుందా? నేను ఏడో తరగతికి సైన్సు చెబుతాను. పిల్లలు అడిగితే ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఉప్పునీటి_తొట్టె (సింగ్‌నగర్)
టీచరు గారూ, మీరు చూసింది సరిగ్గానే చూశారు. ఆక్టోపస్ గుంతలో దాక్కుని, వాకిట్లో రాళ్లూ గవ్వలూ పేర్చుకుని బతికే జీవి. దాక్కునే చోటు లేకుండా వెలుతురులో ఉంచడమంటే మనిషిని తలుపుల్లేని ఇంట్లో కాపురం పెట్టమనడమే. బెదిరినప్పుడు పాలిపోవడం దాని స్వభావం. పొడి మేత దాని ఆహారం కాదు. పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు తింటుంది, అదీ వేటాడి తింటుంది. మూడు గుండెలు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఉన్న హీమోసయనిన్, అందుకే ఆ రక్తం నీలంగా ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ కాస్త తగ్గినా, అమ్మోనియా కాస్త పెరిగినా చేపలకన్నా ముందు చచ్చేది అదే. చేపల జబ్బులకు వాడే రాగి మందు అదే నీటిలో కలిపితే ఇక దాని మీద ఆశ వదులుకోవాలి.

నేనే ఉప్పునీటి తొట్టె పెట్టుకున్నవాణ్ణి. అక్వేరియాలన్నీ పాపమని అనను. ఆక్టోపస్‌ను మాత్రం ఇంట్లో పెట్టను. న్యూజిలాండ్‌లోని నేపియర్ పట్టణంలో జాతీయ అక్వేరియం ఉంది. అక్కడ ఇంకీ అనే ఆక్టోపస్ 2016లో మూతకు మిగిలిన సందులోంచి బయటికి వచ్చి, నేల మీద పాకి, నీరు పోయే గొట్టంలో దూరి సముద్రంలోకి వెళ్లిపోయింది. అక్కడ దానిని బాగానే చూసుకునేవారు. అయినా వెళ్లిపోయింది.

అరండల్‌పేట_వకీలు
సముద్రపు గుర్రాల సంగతి సూటిగా చెబుతాను. కొనకండి. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. వాటి బంధువులైన పైప్ చేపలు, పగడాలు, సముద్ర దోసకాయలు, వేల్ షార్కులు కూడా ఆ ఏడాదే చేరాయి. పట్టడం, అమ్మడం, కొనడం, ఎండబెట్టినవి దాచడం కూడా నేరమే, జైలు పడుతుంది. "మాది విదేశీ సరుకు" అని అమ్మేవారు చెప్పినా కాగితాలు చూడాల్సిందే. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, సముద్రపు గుర్రాల మీద దాని నియంత్రణ 2004 నుంచి అమలులో ఉంది.

ఆక్టోపస్ ఆ జాబితాలో లేదు. కానీ 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువు అంటుంది. ఆవు, కుక్క అని విడిగా చెప్పలేదు. కదలడానికి తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో గానీ పాత్రలో గానీ జంతువును ఉంచడం అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మీరు చూసిన తొట్టె దీని కిందికి వస్తుందని నేను వాదించగలను. మొదటిసారి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. 1960లో రాసిన అంకె ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఒక్క ప్రవేశ టికెట్ డబ్బుతో చెల్లించేయవచ్చు. అక్వేరియాలకు, చేపల దుకాణాలకు విడిగా నిబంధనలు 2017లో వచ్చాయి, తర్వాత కేంద్రమే వాటిని వెనక్కి తీసుకుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

కానూరు_కిశోర్
ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మనం ఆదివారం వస్తే రొయ్యలు, పీతలు ఇష్టంగా వండుకుంటాం. బతికున్న పీతను కాళ్లు విరిచి సంచిలో వేయించుకుని వస్తాం. అలాంటి మనం ఒక ఆక్టోపస్ అద్దం వెనక ఉందని ఇంత బాధపడటంలో నిజాయితీ ఉందా?

గిలకలదిండి_బిడ్డ (ఇప్పుడు ఆటోనగర్)
కిశోర్ అన్నా, నువ్వు అడిగింది మా ఇంటి ప్రశ్న. మా నాన్న బోటు నడిపే సరంగు. నేను చదువుకుని విజయవాడ వచ్చాను గానీ సెలవులకు పోతే ఇప్పటికీ మచిలీపట్నం దగ్గర మా గిలకలదిండి హార్బరుకే పోతాను. వల పైకి లాగినప్పుడు అందులో రొయ్య ఒక పాలు, మిగతాది మరో లోకం. ముళ్ల చేపలు, బుర్రలా ఉబ్బే పఫర్ చేపలు, సముద్రపు పాములు, నక్షత్ర చేపలు, రంగురంగుల గుల్లలు, అప్పుడప్పుడు సముద్రపు గుర్రం. చాలావరకు డెక్కు మీదికి వచ్చేసరికే చచ్చి ఉంటాయి. తినడానికి పనికిరానివి కోళ్ల దాణాకు పోతాయి. వాటి కోసం ఎవరూ టికెట్ కొని చూడరు, ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు.

తాబేళ్ల విషయమే చూడండి. హంసలదీవి నుంచి నిజాంపట్నం, సూర్యలంక దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఊపిరి కోసం నీటి పైకి రావాల్సిన జీవి వలలో ఇరుక్కుంటే మునిగి చచ్చిపోతుంది. తాబేలు తప్పించుకునే పరికరం వలకు బిగిస్తే బయటపడుతుంది. అది వాడటం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం ఆపేసింది. మావాళ్ల బాధ ఏమిటంటే ఆ సందులోంచి తాబేలుతో పాటు చేపా పోతుంది, డీజిల్ ఖర్చు మాత్రం పోదు. గుజరాత్‌లో వేల్ షార్కు వలలో పడితే వల కోసి వదిలేస్తున్నారు, వలకు అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. అలాంటి ఏర్పాటు ఇక్కడ ఉంటే మా నాన్న తాబేలు కోసం వల కోయడానికి వెనకాడడు. ఆ మాట ఆయన నోటితోనే విన్నాను.

అందుకే నాకు ప్రదర్శన మీద అంత కోపం రాదు. బతికున్న ఆక్టోపస్‌ను విజయవాడలో ఎంతమంది చూసి ఉంటారు?

జువాలజీ_మాస్టారు (గుంటూరు)
కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు టీచరు గారి మొదటి ప్రశ్న. చేపకు నొప్పి ఉండదన్న మాట నేను విద్యార్థిగా ఉన్నప్పుడు తరగతిలోనే విన్నాను. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవులకు ఆమ్లం, తేనెటీగ విషం ఎక్కించి చూసింది. అవి తినడం మానేశాయి, పెదవులను తొట్టె అడుగున ఉన్న గులకరాళ్లకు రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఆ ప్రవర్తన తగ్గింది. 2019లో జపాన్ శాస్త్రవేత్తలు క్లీనర్ రాస్ అనే చిన్న చేప గొంతు కింద రంగు మచ్చ పెట్టి అద్దం చూపించారు. అది అద్దంలో చూసుకుని, ఆ మచ్చను తన ఒంటి మీది నుంచి గీకి తీసేయాలని ప్రయత్నించింది. దాని అర్థం ఏమిటన్న దాని మీద వాదనలు నడుస్తున్నాయి. నడవనివ్వండి. చేపను ఆలోచన లేని వస్తువుగా చూసే కాలం మాత్రం పోయింది.

ఆక్టోపస్ ఇంకా దూరం వెళ్లింది. దానికి దాదాపు 50 కోట్ల నాడీకణాలు, వాటిలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే. మూత తిప్పి సీసా తెరుస్తుంది, మనుషుల్లో తేడా గుర్తుపడుతుంది. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టం ఆక్టోపస్‌లు, స్క్విడ్‌లతో పాటు పీతలు, రొయ్యలు కూడా సుఖదుఃఖాలు అనుభవించే ప్రాణులేనని ఒప్పుకుంది. అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో ఆక్టోపస్ పెంపకాన్నే నిషేధించాయి. కాబట్టి టీచరు గారూ, మీ బాధను దానికి అంటగట్టలేదు.

కిశోర్ ప్రశ్నలో నిజం ఉంది. ఆ బ్రిటిష్ చట్టంలో పీత కూడా ఉందని గమనించండి. కాళ్లు విరవడం కూడా మనం మానుకోవాల్సిన పనే. కానీ ఒకచోట తప్పు జరుగుతోంది కనుక ఇంకోచోట ఊరుకుందామంటే నేను ఒప్పుకోను. వంటింట్లో పీత ప్రాణం నిమిషాల్లో పోతుంది. ఆ తొట్టెలో ఉన్న జీవికి ఏడాదో రెండేళ్లో ఆయుష్షు ఉంటే అదంతా ఆ మూలనే గడుస్తుంది.

ఇక అన్ని జీవులనూ ఒకే గాటన కట్టకండి. జెల్లీఫిష్‌కు మెదడు లేదు. నరాల వల మాత్రం ఉంది, ఒంట్లో 95 శాతం దాకా నీరే. మూలలు లేని గుండ్రని తొట్టెలో నీరు నెమ్మదిగా తిరుగుతూ ఉంటే చక్కగా బతుకుతుంది. మామూలు చతురస్రపు తొట్టెలో మూలల్లో ఇరుక్కుని చిరిగిపోతుంది. అంటే దాని విషయంలో సమస్య బందీగా ఉండటం కాదు, తొట్టె ఆకారం. సముద్రపు గుర్రం సంగతి వేరు. దానికి కడుపు లేదు, పళ్లు లేవు. తిన్నది నిలవ ఉండదు కనుక రోజంతా చిన్న చిన్న రొయ్య పిల్లలను పీల్చుకుంటూనే ఉండాలి. సముద్రం నుంచి పట్టి తెచ్చినది చచ్చిన మేత ముట్టక, తొట్టె నిండా మేత ఉండగానే ఆకలితో చస్తుంది. పిల్లలను మోసేది మగది, తోకతో గడ్డిని పట్టుకుని ఉండే జీవి, జతను అంటిపెట్టుకుని తిరుగుతుంది. అలాంటిదాన్ని వాట్సాప్‌లో ఫొటో చూసి కొనడానికి మనసెలా ఒప్పుతుంది?

గవర్నరుపేట_దుకాణం
మాస్టారు గారికి నమస్కారం. నేను చేపల దుకాణం నడుపుతున్నాను, సముద్రపు గుర్రాలు ఎప్పుడూ అమ్మలేదు. మా వైపు మాట కూడా వినండి. మా దగ్గర అమ్ముడుపోయేవి ఎక్కువగా మంచినీటి చేపలు, గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ. చెన్నై కొళత్తూరు నుంచి వస్తాయి, అక్కడ చెరువుల్లో, తొట్లలో పుట్టినవే. వాటి వల్ల ఏ నదికీ నష్టం లేదు. ఉప్పునీటి చేపలు అడిగేవారు పదిమందిలో ఒక్కరు. ఆ ఒక్కరే సినిమాలో చూసిన నెమో కావాలి, డోరీ కావాలి అంటారు. ఏ సముద్రంలో ఎలా పట్టారని సరఫరాదారును అడిగితే జవాబు రాదు, సరుకు కూడా రాదు.

ఉప్పునీటి_తొట్టె (సింగ్‌నగర్)
అన్నా, అడగాల్సింది అదే. ఫిలిప్పీన్స్, ఇండోనేసియాల్లో పగడపు దిబ్బల మీద సైనైడ్ చల్లి, మత్తులో పడిన చేపలను ఏరుకునే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. చేప బతికి వచ్చినా కొన్నాళ్లకు పోతుంది, దిబ్బ అక్కడే చచ్చిపోతుంది. నెమో అని పిలిచే క్లౌన్ చేపకు ఆ అవసరమే లేదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దానిని హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో నేర్చుకుంది. డోరీని, అంటే బ్లూ టాంగ్‌ను, 2016లో ఫ్లోరిడాలో మొదటిసారి తొట్టెలో పుట్టించగలిగారు. అయినా అది గజం పొడవు తొట్టెలో ఇమిడే చేప కాదు.

తొట్టె పెట్టాలనుకునేవారు ఇంకొకటి ఆలోచించాలి. మన ఊరి మే నెలలో నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగకూడదు, కరెంటు పోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు మేడ మీదికి మనుషులను ఎక్కించడమే గగనమైంది. కరెంటు రోజుల తరబడి లేదు. బ్యాటరీ పంపు తిరిగినంతసేపు తిరిగింది. ఆ తర్వాత నీటిలో గాలి ఆడక చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. సముద్రంలో తుఫాను వస్తే చేప లోతుకు పోతుంది. తొట్టెలో దానికి పోవడానికి చోటు లేదు, దాని ప్రాణం మొత్తం నా ఇంటి స్విచ్చు మీద ఉంది. ఉన్నవాటిని ఇప్పటికీ శ్రద్ధగా చూసుకుంటున్నాను. కొత్తవి తేవడం మానేశాను.

గన్నవరం_విద్యార్థిని (పశువైద్యం)
పెద్ద అక్వేరియాల గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను.

చిన్న తొట్టె తప్పు, పెద్దది ఒప్పు అనుకోవడం సరికాదు. అమెరికాలోని జార్జియా అక్వేరియంలో వేల్ షార్కుల కోసం రెండు కోట్ల లీటర్లకు పైగా నీరు పట్టే తొట్టె కట్టారు. 2007లో అక్కడే రెండు వేల్ షార్కులు చనిపోయాయి. తైవాన్‌లో అప్పట్లో తినడానికి పట్టే కోటాలోంచి తెచ్చామని వారి సమాధానం. అదీ ఆలోచించాల్సిన మాటే. అమెరికాలోనే ఉన్న మాంటెరే బే అక్వేరియం 2004లో ఒక గ్రేట్ వైట్ పిల్ల సొరను 198 రోజులు ఉంచి, తోటి సొరలను కొరకడం మొదలుపెట్టాక సముద్రంలో వదిలేసింది. ఆ తర్వాత మరికొన్నింటితో ప్రయత్నించి, 2011 తర్వాత మానుకుంది. డాల్ఫిన్ల విషయంలో ముందుగా మేలుకున్న దేశాల్లో మనది ఒకటి. 2013 మే నెలలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వకూడదని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అంతకుముందు 1998లో చెన్నై దగ్గర ఒక వినోద కేంద్రానికి బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొన్ని నెలల్లోనే చనిపోయాయి.

మరోవైపు జీబ్రా షార్క్ కథ ఉంది. ఇండోనేసియాలోని రాజా అంపత్ దీవుల దగ్గర అవి దాదాపు కనుమరుగయ్యాయి. వేరే దేశాల అక్వేరియాల్లో పుట్టిన గుడ్లను అక్కడికి పంపి, పిల్లలను పెంచి 2023 నుంచి సముద్రంలోకి వదులుతున్నారు. అక్వేరియాలే లేకపోతే ఆ గుడ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? కాబట్టి అక్వేరియాలన్నీ మూసేయాలని నేను అనలేను. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి లారీలో తిరిగే ప్రదర్శనను మాత్రం ఏ విధంగానూ సమర్థించలేను. ప్రతి ఊళ్లో కొత్త నీరు, కొత్త ఉప్పు, మళ్లీ ప్రయాణం. వడపోత తొట్టెలో మేలు చేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికే వారాలు పడుతుంది. అది కుదిరేసరికి సర్దుకుని వెళ్లిపోయే రోజు వస్తుంది.

కానూరు_కిశోర్
మరి బందీ జీవులకు మనుషులు అలవాటైపోతారని కూడా చదివాను. జపాన్‌లో షిమోనొసెకి అక్వేరియం మరమ్మతులకు మూసేస్తే సన్‌ఫిష్ మేత మానేసిందట. అట్టముక్కలతో మనుషుల బొమ్మలు చేసి అద్దం ముందు నిలబెడితే కోలుకుందట. అంటే మనల్ని చూడటం దానికి ఇష్టమేమో కదా?

జువాలజీ_మాస్టారు (గుంటూరు)
కిశోర్, ఆ సంఘటన నిజమే. 2020లో టోక్యో సుమిదా అక్వేరియంలో దీనికి వేరే రూపం చూశారు. జనం రాకపోయేసరికి ఇసుకలో నిలబడే చిన్న ఈల్ చేపలు మనుషులను మరిచిపోయి, సిబ్బంది కనిపించినా దాక్కోవడం మొదలుపెట్టాయి. వాటి ఆరోగ్యం చూడటం కష్టమై, వీడియో కాల్ చేసి వాటికి ముఖాలు చూపించమని ప్రజలను కోరారు. అలవాటు వేరు, ఇష్టం వేరు. రోజంతా మారేది ఏమీ లేని నీటిలో మారేది మన ముఖాలే అయితే వాటికోసం చూడటం సహజం. దాన్ని అంగీకారంగా లెక్కవేయవద్దు.

లబ్బీపేట_గృహిణి
మా ఇంట్లో ఒకరు కొని విసుగెత్తిన రంగు చేపలను బ్యారేజీ దగ్గర కృష్ణలో వదిలేద్దామంటున్నారు. స్వేచ్ఛ ఇచ్చినట్లే కదా అని. ఇది మంచి పనేనా?

గవర్నరుపేట_దుకాణం
వద్దమ్మా, దయచేసి వదలకండి. మా దుకాణానికి తిరిగి ఇవ్వండి, డబ్బు ఇవ్వకపోయినా తీసుకుంటాను.

జువాలజీ_మాస్టారు (గుంటూరు)
అమ్మా, కృష్ణలో ఇప్పుడు వలలు చింపుతున్న ఆ ముళ్ల కవచపు చేప, జాలర్లు దెయ్యం చేప అంటారే, అది దక్షిణ అమెరికాది. గాజుకు పట్టిన పాచి తింటుందని అక్వేరియాల కోసం తెచ్చారు. ఎవరో ఇలాగే వదిలారు. దానిని తినరు, కొనరు, వలలోంచి విడదీయబోతే చేతులు కోసుకుపోతాయి. అట్లాంటిక్‌లో లయన్ చేప కథా ఇదే. ఇండో పసిఫిక్ చేప 1980లలో ఫ్లోరిడా దగ్గర కనిపించింది, ఇప్పుడు కరీబియన్ దిబ్బల మీద పిల్ల చేపలను తినేస్తోంది. అక్కడ వదిలినవారు కూడా దయతోనే వదిలి ఉంటారు. ఉప్పునీటి చేపను కృష్ణలో వదిలితే అది ఆ పూటే చస్తుంది, ఆ సంగతి వేరే.

బ్రాడీపేట_టీచర్
అందరికీ ధన్యవాదాలు. ప్రదర్శన నిర్వాహకులకు ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఫిర్యాదు ఒక్కటే కాకుండా వెంటనే చేయగలిగిన పనులు రాయాలని ఉంది. ఏం రాయమంటారు?

ఉప్పునీటి_తొట్టె (సింగ్‌నగర్)
దూరడానికి రెండు మట్టి కుండలు బోర్లించమనండి, అది ఈరోజే చేయవచ్చు. ట్యూబులైటు తీసి మసక వెలుతురు పెట్టాలి. బతికున్న చిన్న పీతలు ఇవ్వాలి. అద్దానికి మూడడుగుల దూరంలో తాడు కట్టి, తట్టేవారిని ఆపడానికి ఒక మనిషిని నిలబెట్టాలి. ఇంకొకటి గట్టిగా రాయండి. ఇది చనిపోతే దీని స్థానంలో మరొకదాన్ని తీసుకురావద్దని.

అరండల్‌పేట_వకీలు
ఉత్తరం నకలు జిల్లా పశుసంవర్ధక శాఖకు, జంతు హింస నిరోధక సంఘానికి పంపండి. సముద్రపు గుర్రాలు ఇస్తానన్న వ్యక్తి సంగతి అటవీ శాఖకు విడిగా రాయండి, రెండూ కలపవద్దు. ముసాయిదా నేను చూసిపెడతాను, ఫీజు అక్కర్లేదు.

బ్రాడీపేట_టీచర్
తప్పకుండా పంపుతాను మేడమ్. వచ్చేసారి పిల్లలను ప్రదర్శనకు కాకుండా తీరానికే తీసుకువెళ్లాలని ఉంది. సూర్యలంకలో తాబేలు పిల్లలను వదిలేటప్పుడు చూడనిస్తారా?

గిలకలదిండి_బిడ్డ (ఇప్పుడు ఆటోనగర్)
అటవీ శాఖవారిని ముందుగా అడిగితే చూడనిస్తారండి. ఫ్లాష్ కొట్టకూడదు, చేత్తో ముట్టకూడదు. గిలకలదిండికి కూడా తీసుకురండి, నేనే దగ్గరుండి చూపిస్తాను. వలలో వచ్చినవన్నీ గట్టు మీద పోసినప్పుడు మీ పిల్లలు ఒక్కోదాని పేరు అడగవచ్చు, మా నాన్నకు చాలా పేర్లు తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోట్లు కదలవు, ఆ రోజులు వదిలేసి రండి. తెల్లవారకముందే రావాలి, వేలంపాట అయిపోతే సరుకంతా లారీలెక్కేస్తుంది.